మామగారి పేరున్న పాఠం

జోలాగారి అసలు పేరు ఫుండీలె. చదువుకున్నవాడు అని దాని అర్థం. పేరు పెట్టిన తండ్రి ఏ ఆశతో పెట్టాడో పాపం, కొడుకు మాత్రం గొర్రెల వెంట కొండలెక్కి పెరిగాడే గాని బళ్ళో కూర్చున్న పాపాన పోలేదు. ఇప్పటికీ సంతకం పెట్టమంటే బొటనవేలు చాపుతాడు. అయినా ఎమ్‌తొంజెని ఊళ్ళో బడి కమిటీకి ఆయనే చైర్మన్. కొట్టాం నిండా పశువులున్నాయి, ఊరవతలికి వినిపించే గొంతుంది. చైర్మన్‌కి అంతకంటే ఏం కావాలి?

ఊరు ఊరంతా ఆయన్ని వంశం పేరుతో జోలా అనే పిలుస్తుంది. అసలు పేరుతో పిలిచినా ఎవరికీ శిక్ష లేదు, ఒక్క కోడలికి తప్ప. కోడలు మామగారి పేరు ఎత్తకూడదు. పేరు ఒక్కటే కాదు, ఆ పేరు ఏ ముక్క నుంచి పుట్టిందో ఆ ముక్క ఉన్న ఏ మాటా ఆమె నోట రాకూడదు. ఇక్కడి ఆడవాళ్ళు అందరూ ఇలాగే బతుకుతారు. పొరుగింటావిడ మామగారి పేరులో నీళ్ళున్నాయి. అందుకని ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ 'తడి' తాగుతోంది, 'తడి' మోసుకొస్తోంది, ఎవరైనా వస్తే 'కాస్త తడి పుచ్చుకోండి' అంటోంది. అలవాటైపోతుంది. పిల్లలకి కూడా ఎవరి అమ్మ ఏ మాట అనదో కంఠతా వచ్చు.

కాని నొఖాయ ఖర్మ చూడండి. ఆమె టీచరు. ఊరందరూ మాట్లాడే ఖోసా భాషలో 'ఫుండ' అంటే చదువు. చదివే పిల్లాడు, చదివించడం, పాఠం, విద్య, ఆఖరికి చర్చిలో పాస్టరు, అన్నీ ఆ ఒక్క ముక్క నుంచి పుట్టినవే. ఉన్న మాటలన్నీ వదిలేసి సరిగ్గా ఈ మాట మీద పడిందా ఆ ముసలాయన పేరు!

నొఖాయ ఆమె పుట్టింటి పేరు కాదు. పుట్టింట్లో జిమాసా. పెళ్ళిరోజున అత్తగారు మాబెలె ఆమె తలకి నల్ల గుడ్డ చుట్టి, భుజాల మీద శాలువా కప్పి, "ఇవాళ్టి నుంచి నువ్వు నొఖాయవి" అంది. ఇంటికి తల్లి అని అర్థం. ఇంటికి తల్లి అయిన రోజు నుంచి ఆమె ఆ ఇంట్లో తలెత్తి నడవలేదు. మొగుడు సిపీవో గనుల్లో పని, డిసెంబరులో వస్తాడు, జనవరిలో వెళ్ళిపోతాడు. మిగతా కాలమంతా అత్త, మామ, పొయ్యి, కోడలు నడవకూడని పశువుల కొట్టాం ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళే దారి. అంతే.

బళ్ళో టీచరు పట్నం వెళ్ళిపోయి, మూడో తరగతికి దిక్కు లేనప్పుడు, జోలాగారే స్వయంగా "మా కోడలు ట్రైనింగ్ చేసింది కదా, దాన్నే పెట్టండి" అన్నాడు. పెట్టారు. అయితే అది ఏటికేడు కాగితం మార్చే ఉద్యోగం. ఈ ఏడు జిల్లా నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చి పిల్లల చేత చదివించి చూస్తారు. పిల్లలు చదివితే ఉద్యోగం పర్మనెంటు. చదవకపోతే ఇంకెవరో వస్తారు, నొఖాయ వంటింటికి.

ఆమె భయమంతా ఆ వంటింటి గురించే. బడి గేటు దాటగానే శాలువా తీసి, మడిచి సంచిలో పెట్టుకునేది. సాయంత్రం గేటు దాకా వచ్చాక మళ్ళీ కప్పుకునేది. ఆ మధ్యలో ఉన్నంతసేపే ఆమె గట్టిగా మాట్లాడగలదు, నవ్వగలదు, నడిమధ్యన నిలబడగలదు. అది పోతే చచ్చిపోతానని ఆమె ఎవరితోనూ అనలేదు గాని, మనసులో ఉన్నది అదే.

చదువు చెప్పడం మాత్రం ఆమెకి బాగా వచ్చు. ఖోసా మాటలు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని బారెడు పొడుగుంటాయి. పాత టీచరు వాటిని బ, బె, బి అని అక్షరం అక్షరం కూడబలికించేవాడు. పిల్లలు చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాళ్ళు. నొఖాయ ఆ పద్ధతి కట్టిపెట్టింది. టీ డబ్బాల అట్టలు కత్తిరించి, ఒక్కో అట్ట మీద మాటలో ఒక్కో ముక్క రాసింది. నడుమ ఉండే ముక్క ఎర్రరంగు, ముందూ వెనకా తగిలించేవి నీలం.

"ఇదిగో హంబ. హంబ అంటే?"

"నడువు!" అని కేకలు.

"ముందు ఈ ముక్క తగిలిస్తే? ఉమ్‌హంబి."

"నడిచేవాడు! బాటసారి!"

"ఇది తీసేసి ఇది పెడితే? ఉహంబొ."

"ప్రయాణం, మిస్!"

రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు గోడల మీద ప్రకటనలు, సబ్బు పొట్లాలు, చర్చి బోర్డు, ఏది కనిపిస్తే అది ముక్కలు విడగొట్టి చదవడం మొదలెట్టారు. తెలియని మాట ఎదురైనా ఎర్రముక్క ఏదో పట్టుకుంటే చాలు, అర్థం లాగేవాళ్ళు. హెడ్మాస్టరు సోకాగారు కిటికీలోంచి చూసి, "ఏం మందు పెట్టావమ్మా వీళ్ళకి?" అన్నాడు.

ఒక్క ముక్కే చిక్కు. పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ నెత్తిన 'చదవండి' అని ఉంటుంది. నొఖాయ "పుస్తకంతో మాట్లాడండి" అనేది. పాఠాన్ని 'ఇవాళ్టి పని' అనేది. పాస్టరుగారిని 'ఆదివారం పెద్దమనిషి' అనేది. కాని బోర్డు మీద ఆ ముక్క రాశాక అర్థం చెబితే చాలదు, పలికి తీరాలి. మొదటిసారి ఆ గండం వచ్చినప్పుడు ఆమె సుద్దముక్కతో దాని కింద టక్కుమని కొట్టి ఊరుకుంది.

ముందు బెంచీలో ఖ్వేజి అనే పిల్ల ఉంది. గట్టిపిండం. అది వెంటనే లేచి, "ఫుండ!" అని అరిచింది. అరిచి, చుట్టూ చూసి, "మిస్ ఆ మాట అనకూడదురా, జోలా తాతయ్య పేరు" అని అందరికీ వివరంగా చెప్పింది. పిల్లలకి వివరం అక్కర్లేదు, వాళ్ళ అమ్మలూ అంతే కదా. ఆ రోజు నుంచి మిస్ టక్కుమంటే క్లాసంతా ఫుండ అనేది. తర్వాత తర్వాత, ఎవరు లేచి నిలబడి చదువుతున్నా, ఆ ముక్క దగ్గరికి రాగానే మిస్‌లాగే వేలు మడిచి బల్ల మీద టక్కుమని కొట్టి ఆగడం, మిగతావాళ్ళు అందించడం. అదొక మర్యాద అయిపోయింది వాళ్ళకి. చూస్తే ముచ్చటగా ఉండేది. నొఖాయకి కళ్ళు చెమర్చేవి కూడా. నా పిల్లలు నా పరువు కాపాడుతున్నారనుకుంది, పిచ్చిది.

జిల్లా నుంచి వచ్చినావిడ పేరు మటివానె. సముద్రం ఒడ్డు పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, మామగారిని పేరు పెట్టి పిలిచేంత పట్నం. ఒక్కొక్కరినీ హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక కథ ఇచ్చి చదవమంది. అందరికీ అదే కథ. దాన్నిండా చదువంటే ఇష్టపడే ఒక పిల్ల, దానికి చదువు చెప్పే ఒక పాస్టరు. వరస వరసకీ ఆ ముక్కే.

ఖ్వేజి మొదట వెళ్ళింది. వాగు పారినట్టు రెండు వరసలు చదివింది. ఆ ముక్క రాగానే బల్ల మీద టక్కుమని కొట్టి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. పెద్దవాళ్ళని తొందరపెట్టకూడదని ఖ్వేజి ఓపిగ్గా నిలబడింది. పిల్లకి చదవడం రావడం లేదని ఆవిడ ఓపిగ్గా కూర్చుంది. కాసేపటికి ఆవిడ "సరే, తర్వాతది" అంది. మళ్ళీ టక్కు.

ఖ్వేజి బయటికొచ్చి, వరసలో ఉన్న పిల్లలకి గుసగుసగా చెప్పింది. "ఆవిడ కూడా అనడం లేదురా. ఆవిడ మామగారి పేరు కూడా అదేనేమో, పాపం. మీరు కొట్టి ఊరుకోండి, ఇబ్బంది పెట్టకండి."

అందరూ కొట్టి ఊరుకున్నారు.

మధ్యాహ్నం బీన్సూ మొక్కజొన్న గుగ్గిళ్ళూ వడ్డిస్తుంటే మటివానె క్లాసులోకి విసురుగా వచ్చింది. "ఏమ్మా, ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు. పొడుగు పొడుగు మాటలన్నీ గడగడా చదువుతున్నారు. చదువు అనే మాట ఒక్కరికి కూడా చదవడం రాదు! ఆ మాట నేర్పకుండా ఇంకేం నేర్పావు నువ్వు?"

నొఖాయ పైప్రాణం పైనే పోయింది. చెబుదామని నోరు తెరిచింది. ఏం చెప్పాలన్నా ఆ పేరు చెప్పాలి. నోరు మూసుకుంది. సోకాగారే వచ్చి జోలాగారి పేరు, కోడలి సంగతి, టక్కు సంగతి అన్నీ విప్పి చెప్పాడు.

మటివానె మొదట పగలబడి నవ్వింది. తర్వాత నొఖాయ మొహం చూసి నవ్వు ఆపింది. "చూడమ్మా, నేను మీ ఆచారాన్ని తప్పు పట్టను. మా అమ్మమ్మ కూడా ఇలాగే బతికింది. కాని నేను చూసింది చూసినట్టే రాయాలి. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాను. ఆ కొట్టుడు మానిపించు. ఒంటరిగా ఉన్నా ఆ మాట పైకి చదవాలి. లేకపోతే నీ ఉద్యోగం గురించి నేను చేయగలిగిందేమీ లేదు."

"నేను చెప్పి మానిపిస్తానండి."

"ఎలా మానిపిస్తావు, నువ్వే కొడుతుంటే?"



మర్నాడు ఆమె కొట్టడం నిషేధం అంది. పిల్లలు కొట్టడం మానేశారు. ఆ ముక్క రాగానే తల దించుకుని నోరు మూసుకుని నిలబడ్డారు. అది ఇంకా ఘోరం. రెండో తరగతి టీచరు వచ్చి చెప్పి చూసింది. ఆమె ఉన్నంతసేపు అన్నారు, నొఖాయ గుమ్మంలోకి రాగానే మానేశారు. "మిస్ వినేటట్టు అంటే తప్పు కదా" అంది ఖ్వేజి, టీచరుకి బుద్ధి చెబుతున్నట్టు. ప్రాణం విసిగిపోయింది నొఖాయకి. తనకి వేసిన తాళం ముప్ఫై నోళ్ళకి తనే వేసింది. ఇప్పుడు విప్పాలంటే ముందు తన నోరు విప్పాలి. విప్పితే ఇల్లు, విప్పకపోతే బడి, ఏదో ఒకటి పోతుంది. రాత్రి పడుకుంటే గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది.

సిపీవోకి ఫోను చేసింది. "మీ నాన్నతో ఒక్క మాట చెప్పరూ."

"నేనేం చెప్తాను? నాన్న కదా" అన్నాడు. అటు గనిలో సైరన్ మోగింది, ఫోను పెట్టేశాడు. సైరన్ మోగకపోయినా పెట్టేసేవాడే.

చివరికి సోకాగారు ధైర్యం చేసి విషయం కమిటీ ముందు పెట్టాడు. తల్లిదండ్రులందరూ వచ్చారు. జోలాగారు కర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నాడు. విని, లేచి, టోపీ సర్దుకున్నాడు.

"నాకు చదువు లేదు" అన్నాడు. "నా పేరు వల్ల ఈ ఊరి పిల్లలకి కూడా చదువు లేకుండా పోయిందంటే మా వంశంవాళ్ళు సమాధుల్లోంచి లేచి నన్ను తంతారు. బళ్ళో, పాఠం చెప్పేటప్పుడు, మా కోడల్ని ఆ మాట అననీయండి. చైర్మన్‌గా చెబుతున్నాను."

ఆడవాళ్ళు ఆనందం పట్టలేక నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. సోకాగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. వెనక వరసలో నేల మీద కూర్చున్న నొఖాయకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఈయన్ని రాతిమనిషి అనుకున్నానే అని సిగ్గుపడింది.

ఇంటికెళ్ళాక మాబెలె పిండి కలపడానికి కూర్చుంది. కలుపుతూ, కోడలి వైపు చూడకుండా, "మగవాళ్ళు సభలో చాలా అంటారు" అంది.

అనుమతైతే వచ్చింది గాని నోరు రావద్దూ? మర్నాడు బోర్డు ముందు నిలబడి నొఖాయ పెదవులు కలిపింది. ఊపిరి వచ్చింది, మాట రాలేదు. పిల్లలు చూస్తున్నారు. చేయి దానంతటదే సుద్దముక్క కోసం వెళ్ళింది. ఆమె ఆ సుద్దముక్కని కిటికీలోంచి బయటికి విసిరేసి, కళ్ళు మూసుకుని, కొండ మీంచి దూకినట్టు అనేసింది.

"ఫుండ."

ఖ్వేజి రెండు చేతులతో నోరు మూసుకుంది. వెనక ఎవరో చిన్నపిల్ల వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టింది. వాళ్ళ మధ్యన ఆమె బట్టలు విప్పి నిలబడ్డా అంత భయపడేవాళ్ళు కాదేమో.

"జోలా తాతయ్యే అనమన్నారు" అంది నొఖాయ. "అందరూ విన్నారుగా. మీరూ అనండి. ఫుండ."

"ఫుండ" అన్నాడు ఒకడు, మెల్లిగా.

"మిస్, మళ్ళీ అనండి" అంది ఖ్వేజి, వేళ్ళ సందులోంచి చూస్తూ.

అంది. మళ్ళీ అంది. ఎర్రముక్క చేతిలో పట్టుకుని ముందొక నీలంముక్క, వెనకొక నీలంముక్క తగిలిస్తూ, చదివేవాడు, చదివించేవాడు, పాఠం, విద్య, పాస్టరు అని వరసపెట్టి అంటుంటే ఆమె గొంతు పెద్దదైపోయింది. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. పెళ్ళయ్యాక అంత సంతోషం ఆమె ఎరగదు. ఛాతీ మీంచి ఎవరో లేచి పక్కకి వెళ్ళినట్టయింది. ఆ అరుపులు ఊళ్ళోకి వినిపిస్తాయన్న సంగతి కూడా ఆమెకి తోచలేదు. బడికీ జోలాగారి కొట్టానికీ మధ్యన ఉన్నదల్లా ఒక ముళ్ళకంప.

మటివానె మళ్ళీ వచ్చింది. తలుపు వేసి చదివించింది. ఖ్వేజి ఆ ముక్కని అవసరమైన దానికంటే గట్టిగా చదివిందట. ఆవిడ వెళ్ళేముందు నొఖాయని కావలించుకుంది. ఆ నెలాఖరుకి సోకాగారు పిలిచి, "ఖాయమైందమ్మా. ఇక ఎవరూ నిన్ను ఈ బళ్ళోంచి కదిలించలేరు" అన్నాడు. నొఖాయ ఆ పూట శాలువా కప్పుకోవడం మరిచిపోయి సగం దూరం నడిచింది.

అప్పటిదాకా ఆగారు ఇంట్లోవాళ్ళు. శనివారం మధ్యాహ్నం మాబెలె వచ్చి, "పెద్దింట్లోకి రమ్మంటున్నారు" అంది. కోడలి శాలువా అంచు సరిచేసింది. ఎందుకు సరిచేస్తోందో నొఖాయకి అర్థం కాలేదు.

పెద్దింట్లో కుడివైపున జోలాగారు, ఆయన పక్కన వంశంలో ముసలివాళ్ళు బారుగా కూర్చున్నారు. ఎడమవైపు ఆడవాళ్ళ చోట నొఖాయ మోకాళ్ళ మీద కూర్చుని తల దించుకుంది. ఎవరూ కోపంగా లేరు. అదే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"ఉద్యోగం ఖాయమైందట" అన్నాడు జోలాగారు.

"అయింది మామయ్యా. మీ దయ."

"మంచిది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "కంచె అవతల నుంచి నా పేరు విన్నాను. ఒకసారి కాదు. మా నాన్న నాకు పెట్టిన పేరు. అది ఈ ఇంటి కోడలి గొంతు. ఈ పెద్దలు కూడా విన్నారు."

ముసలివాళ్ళు తలలూపారు.

నొఖాయ తలెత్తకూడదని తెలిసీ తలెత్తింది. "మామయ్యా, మీరే కదా అనమన్నారు. సభలో, అందరి ముందూ."

"అనమన్నది బడి చైర్మన్" అన్నాడు జోలాగారు. ఆయన గొంతులో వేళాకోళం లేదు, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "ఆయనకి పిల్లల చదువు కావాలి. ఇక్కడ కూర్చున్నది నీ మామ."

గదిలో ఎవరూ నవ్వలేదు. గోడవారన మాబెలె ముక్కుపొడి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"పుట్టింటికి వెళ్ళిరా" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "మీ అన్నతో చెప్పి ఒక మేకను తోలుకురా. ఇక్కడ కోసి మాట కడిగేస్తాం. నీ మీద ఎవరికీ పగ లేదు కోడలా. ఆదివారం సాయంత్రానికల్లా వచ్చెయ్, సోమవారం బడి ఉంది కదా."

సోమవారం అనేసరికి నొఖాయకి తన క్లాసు కళ్ళ ముందు కనిపించింది. ఎల్లుండి సోమవారం, ఆ పైవారం, వచ్చే ఏడు, ఖ్వేజి తర్వాత వచ్చే ఖ్వేజిలు. ఇక ఆ బళ్ళోంచి ఆమెని ఎవరూ కదిలించలేరు. అడగకుండా ఉండలేకపోయింది.

"మామయ్యా, సోమవారం పాఠంలో కూడా ఆ మాటే ఉంది."

జోలాగారు కర్ర మీద గడ్డం ఆనించి, చైర్మన్ కుర్చీలో ఆలోచించినట్టే, కాసేపు నిజాయితీగా ఆలోచించాడు.

"అయితే రెండు తోలుకురా" అన్నాడు.